బ్లడ్ బ్యాంక్ రోజువారీ పని: తప్పు జరిగేది చేతులు మారేచోటే

బ్లడ్ బ్యాంకులో పొద్దుటి డ్యూటీ ఎక్కిన మనిషి మొదట చూడాల్సింది టేబుల్ మీది రిక్వెస్టు ఫారాలు కాదు, ఫ్రిజ్. 2020లో నిబంధనలు మారి లైసెన్సులో పేరు బ్లడ్ సెంటర్ అయింది గానీ, వార్డులోనూ ఆసుపత్రి ముందు ఆటోస్టాండులోనూ అది ఇప్పటికీ బ్లడ్ బ్యాంకే. నేనూ ఆ మాటే వాడతాను.

రక్తం ఫ్రిజ్ 2 నుంచి 6 డిగ్రీల మధ్య ఉండాలి. డిస్‌ప్లే మీద 4 కనబడగానే సంతకం గీకేయడం చాలాచోట్ల అలవాటు. ప్రోబ్ (వేడిని కొలిచే తీగ కొస) దేంట్లో ఉందో మాత్రం ఎవరూ చూడరు. గాల్లో వేలాడుతున్న ప్రోబ్ తలుపు తీసినప్పుడల్లా ఎగిరి దూకుతుంది, బ్యాగులోని రక్తం సంగతి చెప్పదు. 10 శాతం గ్లిసరాల్ కలిపిన నీళ్ళు బ్యాగంత పరిమాణంలో సీసాలో పోసి, ప్రోబ్‌ని అందులో ముంచి ఉంచాలి. పైఅరలో ఒకటి, కిందఅరలో ఒకటి వేరే థర్మామీటర్లు పెట్టి డిస్‌ప్లేతో పోల్చాలి. నాలుగు గంటలకోసారి చేత్తో రాసే రీడింగ్ వేరు, గ్రాఫ్ చార్టు వేరు, రెండూ కావాలి. చార్టు మార్చే రోజు వారంలో ఒకటి ఖాయం చేసుకోకపోతే పెన్ను పాత గీత మీదే మళ్ళీ తిరుగుతుంది. అప్పుడు ఏ గీత ఏ వారానిదో ఇన్‌స్పెక్టర్‌కే కాదు, మనకీ తెలియదు.

అలారం పనిచేస్తోందని నమ్మేయకూడదు, మోగించి చూడాలి. ప్రోబ్‌ని ఉప్పు కలిపిన ఐసు నీళ్ళలో పెట్టి కిందివైపు, గోరువెచ్చని నీళ్ళలో పెట్టి పైవైపు ఎన్ని డిగ్రీల దగ్గర మోగిందో రాయాలి. 2 దాటాకో 6 దాటాకో మోగితే అది పోస్ట్‌మార్టం, హద్దుకి కాస్త ముందే మోగాలి. అలారం బ్యాటరీని విడిగా చూడాలి. కరెంటు పోయి జనరేటర్ అందుకునే ఆ కాస్త వ్యవధిలో అలారమే మూగబోతే ఇక అది ఉండీ లాభం లేదు. బ్యాగులు వెనక గోడకి ఆనకుండా చూడాలి. అక్కడ గడ్డకట్టిన ఎర్రకణాలు పగిలిపోతాయి, ఆ బ్యాగు బయటికి బానే కనబడినా పనికిరాదు. రక్తం ఫ్రిజ్‌లో పెరుగు డబ్బా, లంచ్ బాక్సు కనబడితే ఆ రోజు డ్యూటీలో ఉన్నవాళ్ళని గట్టిగానే అడగాలి.

తర్వాత రీఏజెంట్లు, అంటే గ్రూపు తేల్చే పరీక్ష ద్రావణాలు. యాంటీ-ఎ నీలం, యాంటీ-బి పసుపు, యాంటీ-డి రంగులేనిది. రంగు చూసి పోసేస్తాం కాబట్టే డ్రాపర్లు తారుమారైతే కనిపెట్టడం కష్టం. ప్రతి ఉదయం తెలిసిన ఎ, బి, ఒ కణాలతో మూడింటినీ పరీక్షించి ఫలితం రాసుకోవాలి. పాజిటివ్ రావాల్సినచోట పాజిటివ్, రాకూడని చోట నెగటివ్, రెండూ చూడాలి. సీసా మబ్బుగా ఉంటే తేదీ మిగిలి ఉన్నా పక్కన పెట్టాలి. మనిషి కణాలని రీఏజెంట్లతో చూడటం ఫార్వర్డ్ గ్రూపింగ్, అతని సీరాన్ని (రక్తంలోని ద్రవభాగాన్ని) తెలిసిన కణాలతో చూడటం రివర్స్. రివర్స్ గ్రూపింగ్ కణాలు రోజూ కొత్తగా తయారవ్వాలి. ముగ్గురు దాతల ఎ కణాలు కలిపి, సెలైన్‌తో మూడుసార్లు కడిగి, 0.1 మి.లీ. గట్టి కణాలకి 1.9 మి.లీ. సెలైన్ పోస్తే 5 శాతం సస్పెన్షన్. బి, ఒ కణాలూ అలాగే. నిన్నటి సస్పెన్షన్ పైన సెలైన్ గులాబీ రంగులోకి వచ్చిందంటే కణాలు పగిలాయని అర్థం. దాంతో చేసిన రివర్స్ గ్రూపింగ్‌ని నమ్మడానికి లేదు.

గ్రూపింగ్ స్లైడ్ మీద కాక ట్యూబులోనో జెల్ కార్డులోనో చేయాలన్నది నా గట్టి అభిప్రాయం. స్లైడ్ రెండు నిమిషాల్లో ఆరడం మొదలవుతుంది, ఆరిన అంచు క్లంపింగ్‌లా, అంటే కణాలు ముద్దకట్టినట్టు కనబడుతుంది. ట్యూబులో రెండు చుక్కల సీరం, ఒక చుక్క కణాలు, 1000 ఆర్‌పీఎం మీద ఒక నిమిషం. తర్వాత ట్యూబుని మెల్లగా వంచి లేపాలి, గట్టిగా ఊపితే బలహీనమైన క్లంపింగ్ విడిపోతుంది. ఫార్వర్డ్, రివర్స్ ఇద్దరు వేర్వేరు మనుషులు చదివితే మంచిది. ఒక్కరే చదివితే మొదటి ఫలితం కళ్ళలో ఉండి రెండోది అలాగే కనబడుతుంది.

రెండూ కలవనప్పుడే అసలు పని. నెలలోపు పసివాడైతే రివర్స్ గ్రూపింగ్‌కి అర్థమే లేదు, వాడి యాంటీబాడీలు ఇంకా తయారవలేదు, కనబడ్డవి తల్లివి. బాగా వయసు మళ్ళినవాళ్ళలో అవి సన్నగిల్లుతాయి. రివర్స్‌ని గది ఉష్ణోగ్రతలో ఇంకాస్త సేపు ఉంచితే బయటపడొచ్చు. అన్ని ట్యూబుల్లోనూ నాణేల దొంతరలా కణాలు అతుక్కుని ఉంటే అది రూలో అనే ఉత్త అతుకు కావచ్చు. సీరం తీసేసి అంతే సెలైన్ పోస్తే రూలో విడిపోతుంది, నిజమైన క్లంపింగ్ విడిపోదు.

యాంటీ-ఎ తో బాగా వచ్చి, రివర్స్‌లో ఎ కణాలతో కూడా సన్నగా క్లంపింగ్ వస్తే ఎ గ్రూపులోని బలహీన రకం ఎ2 అని అనుమానించాలి (మామూలుది ఎ1). ఎ2బి వాళ్ళలో ఈ చిక్కు మరీ ఎక్కువ. దీన్ని తేల్చే యాంటీ-ఎ1 లెక్టిన్ దేంతో తయారవుతుందో తెలుసా? ఉలవలతో. మనం చారు కాచుకునే ఉలవ గింజలోని ప్రొటీనే ఎ1 కణాలని గుర్తుపట్టి ముద్ద చేస్తుంది. లెక్టిన్‌తో నెగటివ్ వస్తే ఎ2 వైపు మొగ్గు. ఆ రోగిలోని యాంటీ-ఎ1 37 డిగ్రీల దగ్గర కూడా పనిచేస్తుంటే ఎ1 రక్తం ఇవ్వకూడదు. ఎ2 దొరికితే ఎ2, లేదా ఒ ప్యాక్డ్ సెల్స్ (ప్లాస్మా తీసేసిన ఎర్రకణాలు).

రివర్స్‌లో ఎ, బి కణాలతో పాటు ఒ కణాలు పెట్టమని అంతగా చెప్పేది బాంబే గ్రూపు కోసం. 1952లో భెండే, సహచరులు ముంబైలో కనిపెట్టి ప్రచురించిన ఈ గ్రూపు మనవైపు అరుదే గానీ అసలు లేనిది కాదు. ఫార్వర్డ్‌లో అచ్చం ఒ లాగే కనబడుతుంది. ఒ కణాలు పెట్టని ల్యాబ్‌లో ఒ అనే రిపోర్టు వెళ్ళిపోతుంది. ఒ కణాలతోనూ గట్టిగా క్లంపింగ్ వచ్చి, రోగి సొంత కణాలతో రాకపోతే అక్కడితో ఆగి, ఒ కణాల మీద ఉండి బాంబే కణాల మీద లేని హెచ్‌ని పట్టే యాంటీ-హెచ్ తో చూడాలి. ఈ మనిషికి మామూలు ఒ రక్తం ఎక్కిస్తే ప్రాణం మీదికొస్తుంది, మరో బాంబే గ్రూపు దాత దొరకాల్సిందే. దాత యాంటీ-డి తో నెగటివ్ వస్తే వీక్ డి (బలహీనంగా ఉండే డి) పరీక్ష చేయకుండా నెగటివ్ లేబుల్ అంటించకూడదు. వీక్ డి ఉన్న దాత బ్యాగు మీద పాజిటివ్ అనే పడాలి.

ఇంత జాగ్రత్తగా చేసిన గ్రూపింగ్ కూడా ట్యూబు మీది పేరు తప్పైతే గంగలో కలిసినట్టే. ప్రసూతి వార్డులో ఒకే రోజు ముగ్గురు లక్ష్మిలు ఉంటారు. వెంకటలక్ష్మి, నాగలక్ష్మి, విజయలక్ష్మి, ముగ్గురికీ ఫారం మీద లక్ష్మి అనే ఉంటుంది. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక, ఒకచోట ఒట్టి అక్షరం. పిల్లల వార్డులో అందరూ బేబీ ఆఫ్ ఫలానాలే. కవలలైతే ఒకటి, రెండు అంకెలే తేడా. అందుకే పేరొక్కటే సరిపోదు, ఆసుపత్రిలో చేరినప్పుడిచ్చే ఐపీ నంబరు కావాలి. ట్యూబు మీద, ఫారం మీద అవి అక్షరం పొల్లుపోకుండా కలవాలి. తీసిన తేదీ, టైమ్, తీసినవారి సంతకం ఉండాలి. లేబుల్ మంచం పక్కనే, రక్తం తీసిన వెంటనే రాయాలి. ముందే పేర్లు రాసిన ఖాళీ ట్యూబుల ట్రే పట్టుకుని వార్డు చుట్టి రావడమంత ప్రమాదకరమైన అలవాటు మరొకటి లేదు.

‘‘సార్, ఆ శాంపిల్ మా పేషెంటుదే, నేనే తీశాను, నంబరు మీరే సరిచేసేయండి’’ అని సిస్టర్ ఫోన్ చేస్తుంది. సరిచేయకూడదు. మళ్ళీ తీసి పంపమనాలి, అంతే. ఆమె అబద్ధమాడుతోందని కాదు. తప్పు నంబరు రాసిన చెయ్యే తప్పు మంచం దగ్గర రక్తం తీసి ఉండొచ్చు, ల్యాబ్‌లో కూర్చున్న మనకి అది తెలిసే దారే లేదు. మొదటిసారి వచ్చిన రోగికి వీలైతే వేరే టైమ్‌లో తీసిన రెండో శాంపిల్‌తో గ్రూపు ఖాయం చేసుకోవాలి. డ్రిప్ ఎక్కుతున్న చేతినుంచి తీసిన శాంపిల్ పలచబడి ఉంటుంది, అదీ వద్దు. క్రాస్‌మ్యాచ్ (రోగి సీరాన్ని దాత కణాలతో కలిపి చూసే పరీక్ష) శాంపిల్‌కి మూడు రోజులే ఆయుష్షు. ఈమధ్య రక్తం ఎక్కినా, గర్భం ఉన్నా కొత్త యాంటీబాడీలు ఆ వ్యవధిలోనే తలెత్తొచ్చు.

క్రాస్‌మ్యాచ్ జెల్ కార్డులో చేస్తే 10 మైక్రోలీటర్ల ప్యాక్డ్ సెల్స్‌ని 1 మి.లీ. లిస్ డైల్యూయెంట్‌లో (తక్కువ లవణాల ద్రావణంలో) కలిపి, అందులో 50 మైక్రోలీటర్లు, రోగి సీరం 25 మైక్రోలీటర్లు వేసి, 37 డిగ్రీల్లో 15 నిమిషాలుంచి, కార్డు సెంట్రిఫ్యూజ్‌లో 10 నిమిషాలు తిప్పాలి. ముందు కణాలు, తర్వాత సీరం. డైల్యూయెంట్ అయిపోయిందని సెలైన్ వాడితే బలహీన యాంటీబాడీలు జారిపోతాయి. కార్డులు గది ఉష్ణోగ్రతలో నిలువుగా ఉంచాలి. రాత్రి ఏసీ ఆపేసే ల్యాబుల్లో ఎండాకాలం జెల్ ఎండి పగుళ్ళిస్తుంది. వాడే ముందు ప్రతి కార్డునీ వెలుతురులో చూడాలి, బుడగ ఉన్నా, పైనీరు తగ్గినా ఆ గొట్టం వాడొద్దు.

ట్యూబులో కూంబ్స్ (కణాలకి అంటుకున్న యాంటీబాడీలని పట్టే పరీక్ష) చేసేవాళ్ళకి కడగడమే కీలకం. కడిగిన నీళ్ళు పూర్తిగా వంచేయకపోతే మిగిలిన సీరం చుక్కే కూంబ్స్ రీఏజెంటుని తినేస్తుంది, అన్నీ నెగటివ్‌గా కనబడతాయి. నెగటివ్ వచ్చిన ప్రతి ట్యూబులో చెక్ సెల్స్ (యాంటీబాడీ ముందే అంటించిన కణాలు) వేయాలి. అవి క్లంప్ కాకపోతే ఆ నెగటివ్ చెల్లదు, మొదటినుంచి చేయాలి. హడావిడిలో ముందు ఎగిరిపోయే మెట్టు ఇదే.

క్రాస్‌మ్యాచ్ కలవలేదంటే కంగారుపడి వరసగా బ్యాగులు మార్చి చూడటం వృథా. ఎన్ని బ్యాగులతో కలవలేదో చూడండి. ఒక్క బ్యాగుతోనే తేడా వస్తే దాత కణాల డీసీటీ (డైరెక్ట్ కూంబ్స్ పరీక్ష) చూడాలి, చాలాసార్లు తప్పు ఆ బ్యాగులో ఉంటుంది. అన్నిటితోనూ వచ్చి ఆటో కంట్రోల్ (రోగి సీరం, రోగి సొంత కణాలు) కూడా పాజిటివ్ అయితే రోగి తన కణాల మీదే యాంటీబాడీలు చేసుకుంటున్నాడు. అన్నిటితోనూ వచ్చి ఆటో నెగటివ్ అయితే ఎప్పుడో ఎక్కిన రక్తానికో గర్భానికో పుట్టిన యాంటీబాడీ కావచ్చు. అది ఏ యాంటీబాడీయో వెతికే స్క్రీనింగ్ ప్యానెల్ చేయాలి, లేకపోతే చేయగలిగినచోటికి శాంపిల్ పంపాలి. తరచు రక్తం ఎక్కే తలసీమియా పిల్లల్లో ఇది కొత్త కాదు, వాళ్ళ పాత రికార్డు తీసి చూడటం మొదటి పని.

దాతల వైపు పని చూడటానికి తేలిక, కానీ బ్యాగు నాణ్యత అక్కడే నిర్ణయమవుతుంది. హిమోగ్లోబిన్ 12.5 ఉండాలి. కాపర్ సల్ఫేట్‌తో చూస్తే ద్రావణం సాంద్రత 1.053, ఒక సెంటీమీటరు ఎత్తునుంచి వదిలిన చుక్క 15 సెకన్లలో మునగాలి. 30 మి.లీ. ద్రావణం 25 మందికే, తర్వాత పారబోయాలి. క్యాంపుల్లో ఎండకి నీరు ఆవిరైతే ద్రావణం చిక్కబడి, బాగున్న దాత కూడా పరీక్ష తప్పుతాడు. 350 మి.లీ. తీయాలంటే దాత బరువు 45 కిలోలు, 450 మి.లీ.కి 55 కిలోలు. మగవాళ్ళకి 90 రోజులు, ఆడవాళ్ళకి 120 రోజుల ఎడం. 350 బ్యాగులో 49 మి.లీ. యాంటీకోయాగ్యులెంట్ (రక్తాన్ని గడ్డకట్టనివ్వని ద్రావణం) ముందే ఉంటుంది. రక్తం సగంలో ఆగిపోతే ఆ నిష్పత్తి చెడుతుంది కాబట్టి మొహమాటంతో ఆ బ్యాగుని స్టాకులో కలపకూడదు. మి.లీ. రక్తం 1.05 గ్రాములు తూగుతుంది, అంటే 350 మి.లీ.కి సుమారు 368 గ్రాములు. తక్కెడని ఖాళీ బ్యాగుతోనే సున్నా చేయాలి. బ్యాగు నిండటానికి పది పన్నెండు నిమిషాలు దాటితే దాంట్లోంచి ప్లేట్‌లెట్లు తీయొద్దు.

క్యాంపు రక్తంతో జరిగే పెద్ద నష్టం ఐసు పెట్టె. ప్లేట్‌లెట్లు తీయాలనుకున్న బ్యాగులు 20–24 డిగ్రీల్లో రావాలి. ఐసులో పెట్టాక అవి ఎర్రకణాలకీ ప్లాస్మాకీ తప్ప ప్లేట్‌లెట్లకి పనికిరావు. ఆరు గంటల్లో సెంట్రిఫ్యూజ్ ఎక్కాలి. ఊరు దూరమైతే బండి బయల్దేరే టైముని బట్టి కాదు, మొదటి బ్యాగు తీసిన టైముని బట్టి లెక్కేయాలి. సెంట్రిఫ్యూజ్ కప్పుల్లో ఎదురెదురు బరువులు తూచి సరిచేయాలి. ట్యూబింగ్ కప్పు అంచు మీదికి రాకుండా లోపలికి మడిచి పెట్టాలి, లేకపోతే తిరుగుతుండగానే తెగుతుంది. తీసిన ప్లేట్‌లెట్లు గులాబీ రంగులో ఉంటే ప్లాస్మా తీసేటప్పుడు చెయ్యి తొందరపడిందని, ఎర్రకణాలు దాటొచ్చాయని. వాటిని 20–24 డిగ్రీల్లో అజిటేటర్ మీద 5 రోజులు ఉంచొచ్చు. బ్యాగుని వెలుతురుకి పెట్టి మెల్లగా నొక్కితే పొగలా సుడులు తిరగాలి. సుడి కనబడకపోతే అవి చనిపోయినట్టే.

ప్లాస్మా మైనస్ 30 లేదా ఇంకా కింద, ఏడాది. పడుకోబెట్టి గడ్డకట్టించి, తర్వాత నిలబెట్టి దాచితే ఒక చిన్న లాభం ఉంది. మధ్యలో ఫ్రీజర్ ఆగి కరిగి మళ్ళీ గడ్డకడితే లోపలి గాలిబుడగ చోటు మారి దొంగతనం బయటపెడుతుంది. గడ్డకట్టిన బ్యాగు గాజులా పెళుసు, చేతిలోంచి జారితే అతుకు చిట్లుతుంది, కరిగించాక కానీ తెలియదు. కరిగించేది 37 డిగ్రీల నీళ్ళలో, పైన మరో ప్లాస్టిక్ సంచి తొడిగి, సుమారు అరగంట. వార్డు తొందరపెడుతోందని వేడి పెంచితే గడ్డకట్టే ఫ్యాక్టర్లే పాడవుతాయి, ఇక ఆ ప్లాస్మా ఎందుకు?

దాత రక్తంలో రోగాలు వెతికే ఎలైజా పరీక్ష గురించి ఒక్క మాటే. కిట్‌ని ఫ్రిజ్‌లోంచి తీసి అరగంట గది ఉష్ణోగ్రతకి రానివ్వాలి, వాషర్ సూదులు మూసుకుపోలేదని రోజూ చూడాలి, కంట్రోల్స్ చెల్లకపోతే ప్లేటు మొత్తం చెల్లదు. హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, సి, సిఫిలిస్, మలేరియా అయిదూ తేలేదాకా బ్యాగు క్వారంటైన్ ఫ్రిజ్‌లోనే. రియాక్టివ్ వస్తే ఆ దాత నంబరుతో ఉన్న అన్ని భాగాలూ వెతకాలి. ఎర్రకణాల బ్యాగుని తీసేసి ప్లాస్మాని ఫ్రీజర్‌లో మర్చిపోవడం ఎక్కడైనా జరగగలదు. అందుకే రిజిస్టర్‌లో ఒక వరసలో మూడు గడులుండాలి, మూడింటికీ టిక్కు పడాలి. పారేసే బ్యాగులు 121 డిగ్రీల్లో, 15 పౌండ్ల ఒత్తిడిలో ఆటోక్లేవ్ అయ్యాకే పసుపు సంచిలోకి. ఇక దాతకి ఫోన్‌లో ఫలితం చెప్పకూడదు, ఇంట్లోవాళ్ళకి అసలే చెప్పకూడదు. పిలిపించి కౌన్సెలర్ దగ్గర కూర్చోబెట్టాలి.

స్టాకు లెక్క వేరే విద్య. సీపీడీఏ ద్రావణం ఉన్న బ్యాగుకి 35 రోజులు, శాగ్‌ఎమ్ ద్రావణం కలిపిన బ్యాగుకి 42. మన దగ్గర హీరో పుట్టినరోజుకో నాయకుడి పుట్టినరోజుకో ఒకేరోజు నూటయాభై బ్యాగులు వచ్చిపడతాయి, ముప్ఫై అయిదో రోజున అన్నీ కట్టగట్టుకుని ఎక్స్‌పైర్ అవుతాయి. నిర్వాహకులతో ముందే మాట్లాడి, అవసరమైనన్ని తీసుకుని, మిగతావాళ్ళ పేర్లు గ్రూపులవారీగా రాసుకుని, ఏప్రిల్–మే కాలేజీ సెలవుల్లో పిలవడం తెలివైన పని. కొందరు నిర్వాహకులు ఒప్పుకోరు, వాళ్ళకి ఫోటోలో సంఖ్య కావాలి. అయినా అడగాలి. ఆపరేషన్ కోసం పక్కన పెట్టిన బ్యాగులు మూడు రోజులు దాటితే మళ్ళీ స్టాకులోకి రావాలి. ఎన్ని క్రాస్‌మ్యాచ్ చేస్తే ఎన్ని ఎక్కాయో డాక్టరువారీగా నెలకోసారి చూడండి. రెండున్నర క్రాస్‌మ్యాచ్‌లకి ఒక బ్యాగు కూడా ఎక్కకపోతే అలవాటుగా రాస్తున్నారని లెక్క. డెంగీ రోజుల్లో ప్లేట్‌లెట్ల కోసం వచ్చే ఫారాల్లో కౌంటు, రక్తస్రావం రెండు గడులూ నిండి ఉండాలి. రక్తస్రావం లేనప్పుడు పది వేల కిందికి పడ్డాకే ఎక్కించే ఆలోచన. ముప్ఫై వేలకే అడిగితే బ్లడ్ బ్యాంక్ డాక్టరు వార్డు డాక్టరుతో మాట్లాడాలి. టెక్నీషియన్ మీదికి బంధువులని వదిలేయడం న్యాయం కాదు.

ఇష్యూ కౌంటర్ దగ్గర ఇద్దరు కలిసి బ్యాగు నంబరు, గ్రూపు, ఎక్స్‌పైరీ, రోగి పేరు, ఐపీ నంబరు గట్టిగా చదవాలి. రంగు నల్లబడినా, ఊదారంగుకి తిరిగినా, కణాల పైన ప్లాస్మా ఎర్రగా కనబడినా, బ్యాగు ఉబ్బినా ఇవ్వకూడదు. బయటికెళ్ళిన టైమ్ రాయాలి. ఆపరేషన్ వాయిదా పడిందని గంటన్నర తర్వాత తెచ్చిస్తే తీసుకోకూడదు. అరగంట దాటితే, లేదా 10 డిగ్రీలు దాటి వేడెక్కితే అది పారేయాల్సిన బ్యాగే. వార్డు ఫ్రిజ్‌లో పెట్టామని చెబితే ఇంకా అనుమానించాలి.

రాత్రి ఒక్క టెక్నీషియన్ ఉన్నప్పుడు యాక్సిడెంట్ కేసు వస్తే డాక్టరు సంతకంతో అత్యవసర ఫారం తీసుకుని, గ్రూపు తేలేలోపు ఒ నెగటివ్ ప్యాక్డ్ సెల్స్. అదీ లేకపోతే మగవాళ్ళకి ఒ పాజిటివ్. ఇచ్చేముందు బ్యాగు సెగ్మెంట్లు (దాని గొట్టంలో రక్తం నింపి సీలు వేసిన ముక్కలు) కత్తిరించి పెట్టుకోవాలి. బ్యాగు వెళ్ళాక కూడా పూర్తి క్రాస్‌మ్యాచ్ చేసి తీరాలి, తేడా వస్తే వార్డుకి ఫోన్ చేసి ఆపించాలి.

రియాక్షన్ వచ్చిందని బ్యాగు వెనక్కి వస్తే సీరాలజీ మొదలుపెట్టే ముందు కాగితాలు చూడండి: ట్యూబు, ఫారం, బ్యాగు, మంచం నంబరు. తర్వాత రియాక్షన్ అయ్యాక తీసిన శాంపిల్‌ని తిప్పి సీరం ఎర్రగా ఉందేమో చూసి, డీసీటీ చేసి, ముందు–తర్వాత శాంపిళ్ళు రెండిటికీ గ్రూపు, క్రాస్‌మ్యాచ్ మళ్ళీ చేయాలి. ఇదంతా జరగాలంటే పాత శాంపిలూ సెగ్మెంటూ ఉండాలి కదా. అవి ఎక్కించిన తర్వాత ఏడు రోజులు 2–6 డిగ్రీల్లో ఉండాల్సిందే. ఆదివారం నుంచి శనివారం దాకా పేర్లు రాసిన ఏడు ర్యాకులు పెట్టుకుంటే లెక్క తప్పదు: మంగళవారం ఇష్యూ అయినవి మంగళవారం ర్యాకులోకి. పాతవి పారేసేది మళ్ళీ మంగళవారం సాయంత్రం షిఫ్టువాళ్ళే, రిజిస్టర్ చూసుకుని, ఏడు రోజులు నిండినవే.